గంటీల బరువు

"ఇడువుండ్రి! దాన్ని ఇడువుండ్రి!"

స్నేహలత చేతిలోని ఖాళీ బువ్వగిన్నెలు వాకిట్లో దొర్లిపోయాయి. చెరుకు కోతగాళ్లకు అన్నం పెట్టి రమ్మని పొద్దున అత్త అంత ప్రేమగా పొలానికి ఎందుకు తరిమిందో ఆమెకు ఇప్పుడు అర్థమైంది. అత్తకు కోడలి మీద ఉత్తపుణ్యానికి ప్రేమ పుట్టదు కదా.

పందిట్లో పీట మీద ఆమె తమ్ముడు దేవిదాస్ కూర్చున్నాడు. వాడి ఒళ్లో ఏడేళ్ల శ్రీనిత. పిల్ల చేతులు రెండూ మొగుడు మధుకర్ పట్టుకున్నాడు. తల కదలకుండా అత్త హన్మవ్వ అరచేతుల మధ్య నొక్కిపట్టింది. కంసాలి పని చేసే అవుసుల రాజమల్లు బంగారు తీగ పట్టుకుని వంగి ఉన్నాడు. ఎడమ చెవి కుట్టడం అప్పుడే అయిపోయింది. కుడి వైపు పని నడుస్తోంది.

కుడి వైపు శ్రీనితకు చెవి లేదు. చెవి ఉండాల్సిన చోట ముడుచుకున్న చిన్న కండముద్ద ఉంది. పుట్టినప్పటి నుంచీ అంతే. లోపలికి రంధ్రం కూడా లేదు. ఆ ముద్దకు సూది కాదు కదా, గోరు కూడా తగలనీయొద్దని నిజామాబాద్ డాక్టరమ్మ చెప్పిన మాటను స్నేహలత ఈ ఇంట్లో అందరికీ మళ్లీ మళ్లీ చెప్పింది. ఇప్పుడు ఆ ముద్దలోకి తీగ సగం దిగి ఉంది. పిల్ల మెడ మీదుగా నెత్తురు గౌను లోపలికి కారుతోంది.

ఆమె ఒక్క ఉరుకున వచ్చి రాజమల్లు భుజం పట్టి గుంజింది. ముసలాయన పక్కకు ఒరిగాడు. పటకారు కింద పడింది, తీగ మాత్రం పిల్ల మాంసంలోనే ఉండిపోయింది. శ్రీనిత కేక వాడకట్టంతా వినిపించింది.

ఆ కేక ఆగకముందే మధుకర్ లేచి పెళ్లాన్ని కొట్టాడు. చెంప మీద కొట్టబోయాడు గానీ అరచెయ్యి మొత్తం ఎడమ చెవి మీద పడింది. స్నేహలత పందిరి గుంజకు కొట్టుకుని కూలింది. చెవి లోపల ఏదో పటుక్కుమంది. ఆ తర్వాత ఆ వైపు శబ్దాలన్నీ పోయి, సన్నటి కూత ఒకటి మొదలైంది.

దెబ్బలు ఆమెకు కొత్త కాదు. దెబ్బ తిని కొంగు నోట్లో కుక్కుకుని కూర్చోవడం బాగా అలవాటు. ఈసారి కూర్చోలేదు. చేతికి దొరికిన ఇత్తడి చెంబు తీసి మొగుడి మొహానికేసి విసిరింది. అది కనుబొమ్మ మీద తగిలి చర్మం చీలింది.

"నీ యవ్వ! నన్నే కొడ్తవానే!" మధుకర్ నెత్తురు తుడుచుకుంటూ ఆమె మీదికి దూకాడు.

"బావా!" దేవిదాస్ పిల్లను పీట మీద దించి అడ్డం వచ్చాడు. "నా ముంగట్నే మా అక్క మీద చెయ్యేస్తవా?"

"నీ అక్కకు బుద్ధి చెప్పుకోపో ముందు!"

ఇద్దరూ కలబడ్డారు. ఇద్దరి బరువుకూ పందిరి గుంజ ఒకటి విరిగింది. మధుకర్ మోకాలితో బామ్మర్ది కడుపులో పొడిచాడు. దేవిదాస్ బావ చొక్కా చింపి, మెడ వంచి నేలకేసి రుద్దాడు. మధుకర్ ఎలాగో విడిపించుకుని చూరులో చెక్కిన చెరుకు కత్తి గుంజాడు.

హన్మవ్వ కొడుకు చేతికి వేలాడింది. "ఒద్దు కొడుకా! నీకు దండం బెడ్త, కత్తి కింద బెట్టు!"

రాజమల్లు పటకారు కూడా ఏరుకోకుండా, చెప్పులు చేతపట్టుకుని సందులోకి మాయమయ్యాడు. మంచి ముహూర్తమని చెప్పే పిలిచారు పాపం.

మధుకర్ చేతిలోంచి కత్తి కింద పడింది. శ్రీనిత వెక్కిళ్లు మాత్రం ఆగలేదు. స్నేహలత పిల్లను ఎత్తుకుని గోడ వారన కూర్చుంది. తీగ ముట్టుకుంటే పిల్ల వణికిపోతోంది. తీయాలో ఉంచాలో తెలియలేదు ఆమెకు.

"నువ్వు గూడ ఎట్ల ఒప్పుకున్నవ్ రా?" అని తమ్ముణ్ని అడిగింది.

దేవిదాస్ కడుపు పట్టుకుని నేల మీద కూర్చున్నాడు. "నువ్వే ఒప్పుకున్నవని బావ చెప్పిండు అక్కా. మేనమామ ఒళ్లె కూసోవెట్టందే చెవులు కుట్టరాయె, జల్ది రమ్మని ఫోన్ జేసిండు. నువ్వు యాడున్నవంటే బువ్వ తీస్కపోయింది, ఇప్పుడే వస్తదన్నరు."

"నేను ఒప్పుకుంటనారా? గా ముద్దను ముట్టద్దని డాక్టరమ్మ చెప్పంగ నువ్వు గూడ పక్కన్నే ఉన్నవ్ గద."



"ఏం పాపం జేసినమే మేము?" హన్మవ్వ ముందుకొచ్చింది. ఆమె చెవులు భుజాల దాకా సాగి ఉన్నాయి. కుడి చెవికి బరువైన బంగారు గంటీ ఊగుతోంది. ఎడమ చెవి బోసిగా ఉంది. ఆ రెండో గంటీని కరిగించే మనవరాలికి తీగ చేయించింది. "సూడు నా చెవులు! పెండ్లినాడు గింతంత ఉండె. గంటీల బరువుకు సాగి సాగి గిట్లయినయి. దాని ముద్దకు బంగారం ఏలాడదీస్తె ఏండ్లు గడిచేసరికి సాగదా? చెవిలెక్క రాదా?"

హన్మవ్వ అబద్ధం ఆడటం లేదు. వచ్చిన చిక్కల్లా అదే. తన ఒంటి మీద జరిగింది పిల్ల ఒంటి మీద ఎందుకు జరగదని ఆమె వాదన. దాని కోసం ఒంటి మీది బంగారమే ఇచ్చింది. ప్రేమ లేని మనిషైతే దులిపేసి పోవచ్చు. ప్రేమతో గొంతు నులిమేవాళ్లతోనే ఎవరూ వేగలేరు.

"నీకు చెవి ఉండె, సాగింది అత్తమ్మా. దీనికి చెవే లేదు. ఉన్న జరంత తోలు పాడైతే, రేపు కొత్త చెవి జేసి దాని మీద ఏం కప్పుతరు?"

"పక్కటెముక కోసి చెవి జేస్తరట!" మధుకర్ ఉమ్మేశాడు. "నా బిడ్డ రొమ్ము కోస్తరట! గది మంచిది, నా తల్లి బంగారం చెడ్డది! మొన్న ట్రాలీ ఎనకకు తీస్తున్న. ఇది ఎనక నిలవడ్డది. గొంతు పగిలేటట్టు మొత్తుకున్న. ఇటు జరుగాల్సింది అటు, చక్రం దిక్కే ఉరికింది. జరంతైతే నా బిడ్డను నేనే..."

మాట మధ్యలో తెగిందని అందరూ చూశారు కాబట్టి కోపం ఇంకా పెరిగింది. విరిగిన గుంజను కాలితో తన్నాడు. ఆ రోజు కూడా పిల్ల బతికిందన్న సంతోషాన్ని పిల్ల వీపు మీదే చూపించాడు.

"పిలిస్తె పలుకది. పలికినా ఇంకో దిక్కు సూస్తది. గిది నేను ఎన్నొద్దులు సూడాలె?"

"కొడితె వినబడ్తదా?" అంది స్నేహలత.

"ఏమే, నోరు లేస్తున్నది!" హన్మవ్వ వేలు చూపించింది. "గ్రహణం నాడు కడుపుతోని ఉండి కత్తి పట్టుకున్నదెవరు? గా చెవి కోసింది నువ్వే. కోసిన దానివి నువ్వు, అతికిస్తందుకు తిప్పలవడ్తున్నది మేము!"

ఏడేళ్లుగా ఆ ఒక్క మాటతోనే స్నేహలత నోరు మూతపడుతోంది. నిజమే, గ్రహణం నాడు కత్తిపీట ముందు కూర్చుంది. అందరూ తలుపులు మూసుకుని పస్తు ఉన్న వేళ మధుకర్ పొలం నుంచి ఆకలితో వచ్చి, రొట్టెలోకి ఉల్లిగడ్డ కోసిమ్మని గద్దించాడు. కోసిచ్చింది. ఆయన తిన్నాడు. తిన్నవాడికి ఏ దోషమూ అంటలేదు, కోసిన చేతికే అంటిందని ఇల్లంతా తేల్చింది. ఆమె కూడా నమ్మింది. పడ్డ ప్రతి దెబ్బనూ తాను తీర్చుకోవాల్సిన పాపం కిందే జమ కట్టుకుంది.

స్నేహలత పిల్లను సంకనెత్తుకుని లేచింది. "బండి తియ్యి దేవిదాసు. నిజామాబాద్ పోవాలె."

మధుకర్ అడ్డం రాలేదు. తువ్వాల కనుబొమ్మకు అదుముకుని అరుగు మీద కూర్చున్నాడు.

"పో. తీయించుకోని రా. పొద్దుగూకే వరకు పిల్ల ఇంట్ల ఉండాలె. రేపు మల్ల పిలిపిస్త, మల్ల కుట్టిస్త. ఎన్నిసార్లు తీయిస్తవో నేను సూస్త."

చెప్పింది చేసే మనిషే ఆయన. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు.

బండి ఎడపల్లి దాటింది. జానకంపేట దగ్గర దేవిదాస్ ఏదో అన్నాడు. స్నేహలతకు వినపడలేదు. ఎడమ చెవిలో కూత ఆగలేదు. పిల్ల ఇద్దరి మధ్యా ముడుచుకుని, తీగ కదలకుండా తల బిగబట్టుకుని కూర్చుంది.

ఆ ముద్దను ముట్టొద్దని చెప్పిన చెవి డాక్టరమ్మ పేరు హఫ్సా. పిల్లను చూడగానే ఆమె మొహం నల్లబడింది.

"యా అల్లా! ఎవరు చేసిండ్రు గిది?"

హఫ్సా మత్తు సూది ఇచ్చి, తీగను మెల్లగా కత్తిరించి బయటికి లాగింది. లోపల రాసిన పసుపూ సున్నమూ కడిగింది. పిల్ల తల్లి కొంగును పళ్లతో పట్టుకుంది గానీ ఈసారి అరవలేదు. అరిచే ఓపిక అయిపోయింది.

"ఇప్పటికైతే బచాయించినం," అంది డాక్టరు చేతులు తుడుచుకుంటూ. "మందు వాడితె మానుతది. కానీ ఇంకోసారి గిట్ల గుచ్చితె, చీము పడితె, నాతోని కాదు. నీకు రవికె కుట్టించుకునుడు తెలుసు గద? ఉన్న బట్టలనే కుట్టాలె. పదేండ్ల వయసొచ్చినంక పక్కటెముకల కాడి మెత్తటి ఎముక తీసి, చెవి ఆకారం చెక్కి, గీ తోలు కిందనే పెడ్తరు హైదరాబాదుల. తోలు మచ్చలు పడి బిగుసుకపోతె ఆ చెవి నిలువది."

"అప్పటిదాక వినబడదా మేడం?" దేవిదాస్ అడిగాడు.

"వినబడ్తది. ఎడమ చెవి మంచిగనే ఉన్నది. కానీ ఒక్క చెవితోని సప్పుడు ఏ దిక్కు నుంచి వస్తున్నదో తెల్వది. పిలిస్తె పక్కదిక్కు చూస్తది. అది మొండితనం కాదు. ఎముక నుంచి లోపలి చెవికి సప్పుడు పంపే పట్టీ ఉంటది, తలకు పెట్టుకుంటె జర ఆసరా అయితది."

స్నేహలత తల పైకెత్తలేదు. "నా వల్లనే అయింది మేడం. గ్రహణం నాడు కత్తి పట్టుకున్న."

"అప్పుడు నీకు ఎన్నో నెల?"

"ఏడో నెల."

"చెవి కడుపుల రూపం తీసుకునుడు మూడు నాలుగు నెలలల్లనే అయితది. ఏడో నెల వరకు అయిపోయిన పని అది. ఆ తర్వాత వచ్చిన గ్రహణం ఎట్ల కోస్తది బేటా?"

స్నేహలత తల పైకెత్తింది.

"మరి ఎవరి తప్పు?"

"ఎవరిదీ కాదు. చానామందిల కారణం మాగ్గూడ దొరకది. తెలియంది తెలియదనే అంట గానీ, నీ కత్తి కాదని మాత్రం రాసిస్త."

స్నేహలతకు ఏడుపు రాలేదు. ఒళ్లు మండిపోయింది. ఎన్ని దెబ్బలు! లేని బాకీకి ఎన్ని దెబ్బలు కట్టింది! దేవుడా, ఎవరి ఉల్లిగడ్డ, ఎవరి వీపు!

"ఇటు తిరుగు," హఫ్సా అంది. ఆమె తిరగలేదు. డాక్టరు మళ్లీ పిలిచింది, కుర్చీ దగ్గరికి జరిపి, ఆమె గడ్డం పట్టి తిప్పింది. చెవిలోకి లైటు వేసి చాలాసేపు చూసింది.

"లోపలి పొర చిరిగింది. నెత్తురు తడి ఉన్నది, అంటే ఇయ్యాల్నే. పక్కన పాత మచ్చ ఇంకోటి ఉన్నది." లైటు ఆర్పేసింది. "పిల్లది పుట్టుకతోని వచ్చింది. నీది పుట్టుకతోని వచ్చింది కాదు. ఎవరు కొట్టిండ్రు?"

"గుంజకు తలిగింది మేడం," అన్నాడు దేవిదాస్ గబుక్కున.

"నిన్ను అడగలే."

తలుపు తోసుకుని మధుకర్ వచ్చాడు, వెనకే హన్మవ్వ. బండి మీద వెంటపడే వచ్చినట్టున్నారు. కనుబొమ్మకు గుడ్డ కట్టుకుని ఉన్నాడు. ట్రేలోని తీగ ముక్కలు చూసి హన్మవ్వ గుండె బాదుకుంది.

"బంగారం కత్తిరించిండ్రు! నా గంటీ ముక్కలు జేసిండ్రు!"

హఫ్సా ఆమె వైపు చూడలేదు. స్నేహలత మంచి చెవి వైపుకు వచ్చి మెల్లగా చెప్పింది. "పేరు చెప్తె సర్కారు దవాఖానకు పంపిస్త, ఆడికి పోలీసోళ్లు వస్తరు. చెప్పకపోతే జారి పడ్డవని రాసుకుంట. కానీ పిల్లను గా ఇంటికే తీసుకపోతవు. గది ఆలోచించుకో."

"అక్కా, ఒద్దు," దేవిదాస్ చెయ్యి పట్టుకున్నాడు. పొద్దున బావ మెడ వంచినవాడే ఇప్పుడు బతిమాలుతున్నాడు. "బావను కొట్టిన్నంటే కొట్టిన, అది ఇంట్ల సంగతి. ఠాణా అంటే ఇల్లు కూలుతది. చెవి సంగతి నేను బావకు సమజ్ జేస్త."

"సమజ్ జేసుడేంది?" మధుకర్ అన్నాడు. "రేపు పొద్దుగాల రాజమల్లు వస్తుండు. మాట ఇచ్చిండు."

ఆ మాట విన్నాక స్నేహలతకు ఆలోచించడానికి ఇంకేమీ మిగల్లేదు.

"గీయనే కొట్టిండు మేడం. ఇయ్యాల గూడ, అంతకు ముందు గూడ. నా పెనిమిటి మధుకర్. రాసుకోండ్రి."

మధుకర్ ఆమె కొప్పు పట్టి కుర్చీలోంచి గుంజాడు. ట్రే ఎగిరి పడింది. తల గోడకు తగిలి స్నేహలత కళ్లు బైర్లు కమ్మాయి. దేవిదాస్ బావ రెండు చేతుల మీదా పడ్డాడు. కాంపౌండరూ, వరండాలో కూర్చున్న ఇద్దరు రోగులూ ఉరికొచ్చి మధుకర్‌ను మెడలు పట్టి మెట్ల దాకా నెట్టుకుపోయారు. నీ అంతు చూస్తానని అరుస్తూనే ఉన్నాడు. అతని పిడికిట్లో ఆమె వెంట్రుకలు ఉన్నాయి.

హఫ్సా ఫోన్ తీసింది. స్నేహలత లేచి, బెంచీ కిందికి దూరిన పిల్లను బయటికి లాగి ఎత్తుకుంది. సర్కారు దవాఖానకు పోవాలి. అంతే అనుకుంది.

తలుపు దగ్గర హన్మవ్వ అడ్డంగా పడుకుని ఉంది. నేల మీద, గుమ్మానికి ఈ చివర నుంచి ఆ చివరకు.

"పో," అంది ముసల్ది. "నా కొడుకును ఠాణాకు పంపుతవా? నన్ను దాటి పో. పెద్దదాన్ని దాటిన పాపం నీకు గాదు, నీ బిడ్డకు తలుగుతది. ఒక చెవి లేకుండ పుట్టింది, ఉన్నదాన్ని గూడ పోగొట్టుకో!"

వరండాలో జనం గుమిగూడారు. ఎవరూ ముసలమ్మను లేపలేదు. దేవిదాస్ ఏడుస్తున్నాడు. "అత్తను దాటకు అక్కా. నీ కాళ్లు మొక్కుత."

స్నేహలత ఆగింది. బిడ్డకు తగులుతుందన్న మాట ఇన్నేళ్లూ ఆమెను ఎక్కడ కట్టేయాలో అక్కడ కట్టేసింది. అలవాటు కొద్దీ ఇప్పుడు కూడా ఒక అడుగు వెనక్కి వేసింది.

"అత్తమ్మా," అంది. "గ్రహణం నాడు నీ కొడుకు ఉల్లిగడ్డ తిన్నడు. ఆయనకేమన్న తలిగిందా?"



స్నేహలత పిల్లను సంకన సర్దుకుని, చీర కుచ్చిళ్లు ఒక చేత్తో ఎత్తిపట్టి, అత్త నడుము మీదుగా కాలు అవతల వేసింది. రెండో కాలు ఇంకా గదిలోనే ఉండగా ముసల్ది రెండు చేతులతో ఆమె మడమ పట్టుకుంది. గోళ్లు దిగాయి. స్నేహలత కాలు గుంజుకుంది.

మెట్ల మీద మధుకర్ మనుషులను తోసుకుంటూ పైకి వస్తున్నాడు. ఆమె బిడ్డ తలను భుజానికి అదుముకుని, ఆగకుండా దిగింది.